గుడి గోడ మీది గుర్తును చదవడం ఎలా

మా ఊరి చెరువు కట్ట మీద, రావిచెట్టు వేళ్ల మధ్య, నడుము ఎత్తు రాయి ఒకటి ఉండేది. నా చిన్నతనంలో అందరూ దాన్ని నాగమ్మ అనే పిలిచేవారు. నాగులచవితి నాడు ఆడవాళ్లు దానికి పాలు పోసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేవారు. ఏళ్ల తరబడి పసుపు పొరలు పేరుకుపోవడం వల్ల ఆ రాతి మీద ఏముందో ఎవరికీ కనిపించేది కాదు. కొన్నేళ్ల కిందట ఒక రాత్రి ఎవరో దాని మొదట్లో నడుములోతు గొయ్యి తవ్వి, ఏమీ దొరకక, రాయిని పక్కకు దొర్లించి వెళ్లిపోయారు. నాగమ్మ ఉన్నచోట గుప్తనిధి ఉంటుందన్న మాటను నమ్మి చేసిన పని అది. మరునాడు ఊరివాళ్లమంతా కలిసి రాయిని లేపి, నీళ్లు పోసి కడిగాము. పైభాగంలో సూర్యుడు, నెలవంక, వాటి కింద చక్రం, ఆ చక్రం కింద అరిగిపోయిన తమిళ అక్షరాలు నాలుగు వరుసలు బయటపడ్డాయి. పాము ఎక్కడా లేదు. అది ఎప్పుడో ఒక విష్ణ్వాలయానికి దానమిచ్చిన భూమికి పాతిన హద్దురాయి.

ఆనాటి నుంచి నేను గుడికి వెళ్లినా, గట్టు మీద రాయి కనిపించినా, దాని మీది గుర్తులను ఒక క్రమం ప్రకారం చూడడం అలవాటు చేసుకున్నాను. గుర్తు ఆకారాన్ని ఒక్కదాన్నే పట్టుకొని అర్థం చెప్పబోతే పొరపాటు తప్పదు. అది ఏ చోట ఉంది, దాని పక్కన ఏమేమి ఉన్నాయి, దాన్ని చెక్కించినవారు ఏ కాలంవారు, ఏ సంప్రదాయంవారు అన్నవి కలిపి చూసినప్పుడే అది మాట్లాడుతుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తమిళ, కన్నడ, తెలుగు రాజ్యాలు మూడూ ఒకదాని మీద ఒకటి పరచుకొని ఉన్నందువల్ల ఒకే ఊళ్లో నాలుగు కాలాల గుర్తులు కనిపించడం ఇక్కడ సామాన్యం. చూడాలన్న ఆసక్తి ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వారి కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను.

ముందుగా మాటల గురించి కొంత చెప్పాలి. మనం అన్నిటినీ ‘గుర్తు’ అనేస్తాము గాని, పెద్దలు వాడిన మాటల్లో తేడాలు ఉన్నాయి. ఒక రాజవంశానికో, జైన తీర్థంకరునికో ప్రత్యేకంగా చెందిన చిహ్నం ‘లాంఛనం’. హక్కును తెలియజేయడానికి నాణెం మీద, పశువు మీద, హద్దురాయి మీద వేసేది ‘ముద్ర’. కంటికి కనిపించని తత్త్వానికి బదులుగా నిలిచేది ‘ప్రతీక’. ఒకే చక్రం విష్ణుమూర్తి చేతిలో ఆయుధం, భక్తుని భుజం మీద ముద్ర, పొలం గట్టు మీద హద్దు అవుతుంది. చూస్తున్నది వీటిలో ఏదో మొదటే ప్రశ్నించుకుంటే సగం పని పూర్తయినట్లే.

చూడడానికి వెళ్లేటప్పుడు

ఒక నోటుపుస్తకం, పెన్సిలు, కొలత టేపు, చిన్న టార్చిలైటు తీసుకువెళ్లండి. అరిగిపోయిన చెక్కడానికి ఎదురుగా వెలుతురు వేస్తే ఏమీ కనిపించదు. టార్చిని రాతికి దాదాపు ఆనించినట్లు పక్కనుంచి పట్టుకుంటే, గీతల నీడలు పడి, లేదనుకున్న అక్షరాలు కూడా పైకి తేలుతాయి. బయట ఉన్న రాళ్లకైతే ఉదయం ఏడెనిమిది గంటల ఎండ, లేదా సాయంకాలపు ఏటవాలు ఎండ చాలు. గీతలు బాగా కనిపించాలని సుద్దముక్కతోనో, విభూతితోనో పూడ్చడం, నూనె రాయడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం ఎప్పుడూ చేయవద్దు. ఒక తరం వాళ్లు చదవడానికి చేసిన అటువంటి పనుల వల్లే తరువాతి తరానికి చదవడానికి వీల్లేకుండా పోయిన రాళ్లు అనేకం. పూజలో ఉన్న రాయిని పూజారినో, ఊరి పెద్దనో అడగకుండా ముట్టుకోరాదు. ఫొటో తీయకూడదన్న చోట చేత్తో బొమ్మ వేసుకోండి. నిజానికి ఫొటో తీయగలిగిన చోట కూడా ముందు చేత్తో వేయడమే మంచిదని నా అనుభవం. చేయి గీస్తున్నప్పుడు కన్ను ఆగి చూస్తుంది. పాము పడగలు మూడా ఐదా అన్నది గీసేటప్పుడే లెక్కకు వస్తుంది.

పేరు మాత్రం చివరికి వదిలిపెట్టండి. పుస్తకంలో మొదట ‘గరుడుడు’ అని రాసుకుంటే ఇక కన్ను గరుడుణ్ణే చూస్తుంది. ‘రెక్కలున్న మనిషి, ముక్కు కొక్కెంలా ఉంది, చేతులు జోడించాడు, ఒక మోకాలు నేలకు ఆనించాడు’ అని రాసుకుంటే, తరువాత పేరు దానంతట అదే వస్తుంది.

చోటు చెప్పే సంగతి

గుర్తు ఉన్న చోటే దాని అర్థానికి మొదటి ఆధారం. ఆలయానికి వెళ్లగానే ధ్వజస్తంభం దగ్గర ఆగండి. బ్రహ్మోత్సవాల మొదటి రోజున ధ్వజారోహణంలో ఎగరవేసే పటం మీద ఏ బొమ్మ ఉందో చూస్తే ఆ గుడి ఎవరిదో తెలిసిపోతుంది. తిరుమలలో ఆ పటం మీద గరుడుడు, తిరుచానూరు పద్మావతీ అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాల్లో ఏనుగు, శ్రీకాళహస్తి, కపిలతీర్థం వంటి శివాలయాల్లో నంది ఉంటాయి. వాహనం, ధ్వజం ఒకటే కావడం మన ఆలయాల్లో సాధారణం.

తరువాత గర్భాలయ ద్వారం. గడపకు ఎదురుగా, ద్వారం పై కమ్మీ నడుమ ఉండే చిన్న బొమ్మను లలాటబింబం అంటారు. అక్కడ చాలాసార్లు గజలక్ష్మి ఉంటుంది: పద్మంలో కూర్చున్న దేవి, ఇరువైపులా తొండాలెత్తి నీళ్లు పోస్తున్న ఏనుగులు. లక్ష్మి ఉంది కాబట్టి విష్ణ్వాలయమని వెంటనే రాసుకోకండి. ఈ బొమ్మ క్రీస్తుకు పూర్వపు శతాబ్దాల నాటి భర్హుత్, సాంచి బౌద్ధ స్తూపాల మీద కూడా ఉంది. శివాలయాల ద్వారాల మీదా ఉంటుంది. నీరు, పద్మం, ఏనుగు అన్నవి వానకూ పంటకూ నిండుదనానికీ సంబంధించినవి కాబట్టి మతం ఏదైనా గడప మీద ఆమెకు చోటు దొరికింది. గుడి ఎవరిదో తేల్చుకోవాలంటే ద్వారానికి అటూ ఇటూ నిలిచిన ద్వారపాలకుల చేతులు చూడాలి. శంఖ చక్రాలు, గద ఉంటే జయ విజయులు. త్రిశూలం ఉంటే శివుని ద్వారపాలకులు. విజయనగర శైలి గోపురాల ద్వారబంధాల దగ్గర మకరం మీద నిలబడి తీగను పట్టుకున్న స్త్రీమూర్తి కనిపిస్తే ఆమెను గంగగా చెబుతారు. ఆమెను దాటి లోపలికి వెళ్లేవాడు నదిలో మునిగి వెళ్లినట్లేనన్న భావం అందులో ఉంది.

పైకప్పు రాళ్లను చాలామంది తలెత్తి చూడరు. అక్కడ ఒక గుండ్రటి బింబాన్ని మింగబోతున్న పాము కనిపిస్తే అది గ్రహణం. నిధికి కాపలా అని చెప్పేవాళ్ల మాటలు వినవద్దు.

పాము ఒక్కటే, అర్థాలు అనేకం

మన ప్రాంతంలో పాము గుర్తు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. రావి, వేప చెట్లు కలిసి పెరిగిన గట్టు మీద, రెండు పాములు మెలివేసుకొని, ఒక్కోసారి వాటి మధ్యలో చిన్న లింగం చెక్కి ఉంటే అది నాగప్రతిష్ఠ. సంతానం కోసమో, సర్పదోషం పోవాలనో మొక్కుకున్న కుటుంబం దాన్ని ప్రతిష్ఠించి ఉంటుంది. అటువంటి రాళ్లు ఒకే గట్టు మీద పదీ ఇరవై కూడా ఉంటాయి, ఎందుకంటే ఒక్కొక్కటి ఒక్కొక్క ఇంటి మొక్కు. పామే చుట్ట చుట్టుకొని పానుపుగా మారి, పైన పడగలు గొడుగు పట్టినట్లు ఉంటే ఆదిశేషుడు. మన కొండలకు శేషాచలమన్న పేరు ఆయన వల్లే వచ్చింది. ఏడుకొండలు ఆయన ఏడు పడగలని స్థలపురాణం చెబుతుంది. నడుము కింద పాము, పైన మనిషి ఆకారంలో చేతులు జోడించి ఉంటే అది నాగరాజో, నాగినియో.

శ్రీకాళహస్తిలో పాము వీటన్నిటికంటె వేరు. అక్కడ ‘శ్రీ’ అంటే సాలెపురుగు, ‘కాళ’ అంటే పాము, ‘హస్తి’ అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి తమ తమ పద్ధతిలో పూజించి ముక్తి పొందిన భక్తులు. సాలీడు గూడు అల్లింది, పాము మణులు పెట్టింది, ఏనుగు తొండంతో నీళ్లు తెచ్చి అభిషేకించింది. ఆ ఆలయంలో ఈ మూడు జంతువులు కలిసి కనిపించిన చోట పామును భయపెట్టేదిగా చదవడం స్థలపురాణాన్ని తలకిందులు చేయడమే. అదే ఆలయంలో రాహుకేతు పూజకు వచ్చేవారికి పాము ఛాయాగ్రహం కూడా. ఒకే గుడిలో రెండు అర్థాలు పక్కపక్కనే ఉన్నాయి, ఏ ఒక్కటీ రెండోదాన్ని కొట్టివేయదు. మీరు గీసుకున్న బొమ్మ కింద రెండూ రాసుకోండి.

తోడుగా ఉన్నవాటిని చూడడం

ఒంటరి గుర్తు కంటె జంట గుర్తు తేలికగా చదవవచ్చు. వరాహాన్నే తీసుకోండి. తిరుమల ఆదివరాహ క్షేత్రం. పుష్కరిణి ఒడ్డున ఉన్న వరాహస్వామికే మొదటి నైవేద్యం. ఆ వరాహమూర్తికి తల మాత్రమే వరాహానిది, మిగిలిన శరీరం మనిషిది, భూదేవి తోడుగా ఉంటుంది. కాని విజయనగర కాలపు కట్టడం మీద నాలుగు కాళ్ల మీద నిలబడిన పూర్తి పంది, దాని ముందు నిలువుగా పెట్టిన కత్తి, పైన సూర్యచంద్రులు కనిపిస్తే అది రాజలాంఛనం. బంగారు నాణేన్ని ‘వరాహ’ అని పిలిచిన కాలం అది. ఒకటి దేవుడు, మరొకటి ప్రభుత్వపు ముద్ర. రెండింటికీ మూలం భూమిని పైకెత్తిన అవతార కథే. భూమిని కాపాడేవాడే రాజు అని చెప్పుకోవడానికి చాళుక్యులు, కాకతీయులు, విజయనగర ప్రభువులు వరుసగా దాన్నే ఎంచుకున్నారు.

చేప సంగతి కూడా ఇటువంటిదే. జంట చేపలు పాండ్యుల లాంఛనం, పులి చోళులది, విల్లు చేరులది, వృషభం పల్లవులది. అయితే నాగలాపురం వేదనారాయణస్వామి ఆలయంలో చేప అంటే మత్స్యావతారం. అక్కడి మూలమూర్తికి నడుము కింద చేప శరీరం ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేర ఆ ఊరికి పేరు పెట్టాడు. ఏటా మార్చిలో మూడు రోజులపాటు సాయంకాలపు సూర్యకిరణాలు గోపుర ద్వారం గుండా వచ్చి, మొదటి రోజు స్వామి పాదాల మీద, రెండో రోజు నాభి మీద, మూడో రోజు కిరీటం మీద పడతాయి. రాతి మీద చెక్కకుండా వెలుతురుతో రాసిన గుర్తు అది. ఆ మూడు రోజుల్లో వెళ్లగలిగితే తప్పక వెళ్లండి.

విష్ణుమూర్తుల చేతుల్లోని ఆయుధాల వరుసను కూడా గమనించాలి. శంఖం, చక్రం, గద, పద్మం అన్న నాలుగింటిని ఏ చేతిలో ఏది ఉందో మార్చుతూ పోతే 24 మూర్తులు వస్తాయి. మనం సంధ్యావందనంలో చెప్పుకొనే కేశవాది నామాలు అవే. తిరుమల శ్రీవారికి పై చేతుల్లో శంఖ చక్రాలు, కింది కుడిచేయి వరదహస్తం, కింది ఎడమచేయి నడుము దగ్గర ఆనించిన కటిహస్తం. వరదహస్తం పాదాలను చూపుతున్నదనీ, ఆ పాదాలను పట్టుకున్నవారికి సంసార సముద్రం నడుము లోతేనని కటిహస్తం చెబుతున్నదనీ పెద్దలు వివరిస్తారు.

గుడిమల్లంలో ఒక ఉదయం

ఈ పద్ధతిని ఒకే చోట పూర్తిగా సాధన చేయాలనుకునేవారు ఏర్పేడు మండలంలోని గుడిమల్లం వెళ్లాలి. స్వర్ణముఖి నది ప్రాంతంలో ఉన్న ఆ పరశురామేశ్వరాలయం పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. గర్భాలయం మీది కట్టడమైన విమానం వెనుక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాన్ని గజపృష్ఠం అంటారు. గర్భాలయం నేల ముందు మండపం కంటె కిందికి ఉంటుంది; కాబట్టి మీరు కొంచెం వంగి కిందికి చూడవలసి వస్తుంది.

దాదాపు ఐదడుగుల ఎత్తున్న లింగం ముందుభాగంలో శివుడు నిలబడి ఉన్నాడు. కుడిచేత్తో ఒక పొట్టేలును వెనుక కాళ్లు పట్టుకొని తలకిందులుగా వేలాడదీశాడు. కొందరు దాన్ని లేడి అంటారు. ఎడమచేతిలో చిన్న నీళ్ల పాత్ర, ఎడమ భుజం మీద గండ్రగొడ్డలి. మెడకు హారం, చెవులకు కుండలాలు ఉన్నాయి గాని యజ్ఞోపవీతం లేదు. పాదాల కింద ఒక మరుగుజ్జు, చెవులు పెద్దవి, ముఖంలో బాధ కంటె మోయడంలోని సంతోషమే ఎక్కువగా కనిపిస్తుంది. నేను అక్కడ కూర్చొని బొమ్మ గీసిన రోజున, పొట్టేలు కొమ్ముల వంపును మూడుసార్లు చెరిపి గీయవలసి వచ్చింది. ఆ శిల్పి ఆ జంతువును రోజూ చూసినవాడని అప్పుడు అర్థమైంది.

శిల్పాల మీద పరిశోధన చేసిన పండితుడు టి.ఎ. గోపీనాథరావు 20వ శతాబ్ది తొలి దశకాల్లో ఈ లింగాన్ని గురించి రాసినప్పటి నుంచి పండితుల్లో దీని కాలం మీద చర్చ సాగుతోంది. క్రీస్తు పూర్వం 2, 1 శతాబ్దాలని అనేకులు, ఆ తరువాతిదని కొందరు అంటారు. 1973-74లో పురావస్తు శాస్త్రవేత్త ఐ.కె. శర్మ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో, లింగం చుట్టూ ఒకప్పుడు రాతి కంచె మాత్రమే ఉండేదనీ, పైన కప్పు లేకుండా ఆరుబయట పూజలందుకున్నదనీ తేలింది. కప్పు, గోడలు, మండపాలు తరువాత వచ్చాయి.

ఇక్కడి స్థలపురాణం అదే శిల్పాన్ని మరోలా చదువుతుంది. పాదాల కింద ఉన్న మరుగుజ్జు చిత్రసేనుడనే యక్షుడు, బ్రహ్మాంశ, గొడ్డలి పట్టినవాడు పరశురాముడు, విష్ణ్వంశ, లింగం శివుడు, కాబట్టి ఇది త్రిమూర్తి స్వరూపం. శిల్పం చెక్కిననాటి అర్థం, దాన్ని శతాబ్దాల పాటు పూజించినవారు పెట్టుకున్న అర్థం వేర్వేరుగా ఉండవచ్చు. చరిత్ర చదివినవారు రెండోదాన్ని తేలికగా తీసిపారేయడం నాకు నచ్చదు, ఎందుకంటే ఆ రెండో అర్థమే ఆ రాయిని ఇంతకాలం గుడిలో నిలిపి ఉంచింది. మీ పుస్తకంలో పేజీని నిలువుగా రెండుగా చేసి, ఒక వైపు చెక్కినవారి కాలపు అర్థం, ఇంకో వైపు ఈనాటి పూజలోని అర్థం రాసుకోండి.

దూరదేశాల్లోనూ కనిపించే ఆకారాలు

స్వస్తిక, షట్కోణం వంటి ఆకారాలు ప్రపంచంలో అనేక చోట్ల ఉన్నాయి. ఆకారం ఒకటైనంత మాత్రాన ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని చెప్పడం తగదు. గీతలు కొన్నే, వాటిని కలిపే తీరులు కొన్నే. మనుషులు వేర్వేరు చోట్ల ఒకే ఆకారానికి చేరుకోవడం సహజం.

స్వస్తిక సింధు నాగరికత ముద్రల మీదే ఉంది. ‘సు’, ‘అస్తి’ కలిసి ‘స్వస్తి’, అంటే మేలు కలగడం. మన శాసనాలు చాలావరకు ‘స్వస్తి శ్రీ’ అనే మొదలవుతాయి. పాణిని ఒక సూత్రంలో పశువుల చెవుల మీద వేసే గుర్తులను లెక్కపెడుతూ స్వస్తికను కూడా చేర్చాడు. అంటే మందలో ఎవరి ఆవు ఏదో తెలుసుకోవడానికి వాడిన ముద్ర కూడా అది. జైనుల్లో అది సుపార్శ్వనాథుడనే తీర్థంకరుని లాంఛనం. దాని నాలుగు చేతులు జీవుడు పుట్టే నాలుగు గతులు, పైన పెట్టే మూడు చుక్కలు సరైన నమ్మకం, జ్ఞానం, నడవడి అన్న రత్నత్రయం, ఆ పైని నెలవంక ముక్తి పొందిన సిద్ధులుండే చోటు. అమరావతి బౌద్ధశిల్పంలో బుద్ధుని పాదాల మీదా ఉంది. 1920లో నాజీ పార్టీ దాన్ని తన జెండా మీదికి తీసుకొని, తరువాత చేసిన ఘోరాల వల్ల ఐరోపాలో అది భయానికి గుర్తయింది. అక్కడివారికి అది కలిగించే బాధ నిజమైనది. మన గడప మీద దాని అర్థం వేరన్నదీ అంతే నిజం.

రెండు త్రికోణాలు ఒకదానిలో ఒకటి దూరిన షట్కోణం సుబ్రహ్మణ్య యంత్రంలో, సుదర్శన యంత్రంలో కనిపిస్తుంది. పై మొన త్రికోణం శివుడు లేదా అగ్ని, కింది మొన త్రికోణం శక్తి లేదా నీరు. యూదులకూ అదే ఆకారం పవిత్రమైనది, అయితే వారిలో అది జాతి చిహ్నంగా స్థిరపడింది మధ్యయుగాల తరువాతే. శ్రీచక్రంలో త్రికోణాల కూర్పు ఇంకా సూక్ష్మం: నాలుగు ఒక దిక్కుకు, ఐదు ఎదురు దిక్కుకు తిరిగిన తొమ్మిది పెద్ద త్రికోణాలు ఒకదాన్నొకటి ఖండించుకొని 43 చిన్న త్రికోణాలు ఏర్పడతాయి, వాటి చుట్టూ ఎనిమిది రేకులు, పదహారు రేకులు, వాటిని చుట్టి నాలుగు వాకిళ్లున్న చదరపు ప్రాకారం, అంటే భూపురం. దాన్ని చూసినప్పుడు త్రికోణాలు లెక్కపెట్టి చూడండి. బజారులో అమ్మే రేకుల మీద లెక్క తప్పినవి నేను చాలా చూశాను.

ఓంకారం గురించి ఒక చిన్న మాట. మాండూక్యోపనిషత్తు 12 మంత్రాల్లో అకార, ఉకార, మకారాలను మెలకువ, కల, గాఢనిద్రలతో పోల్చి, నాలుగోదైన నిశ్శబ్దాన్ని తురీయమని చెబుతుంది. ఆ అర్థం ధ్వనిది. రాసే లిపి ఏదైనా ఫరవాలేదు. మనవైపు సరిహద్దు ఊళ్లలో తమిళులు ఉత్తరం పైన, లెక్కల పుస్తకం పైన తమ ‘ఉ’ అక్షరం వంటి పిళ్ళయార్ సుళి పెట్టి మొదలుపెడతారు, తెలుగువారు ‘శ్రీ’ పెడతారు.

ఒంటి మీద, వాకిట్లో ఉన్న గుర్తులు

రాతి మీద ఉన్నవే గుర్తులు కావు. నుదుటి మీద అడ్డంగా మూడు విభూతి రేఖలు శైవం, నిలువు నామం వైష్ణవం అని అందరికీ తెలుసు. శ్రీవైష్ణవుల్లో రెండు శాఖలున్నాయి: నామంలో అడుగు గుండ్రంగా వంపు తిరిగితే వడగలై, ముక్కు మీదికి చిన్న పాదం దిగితే తెంగలై. తెల్లని నామపు మట్టితో, అంటే తిరుమణితో పెట్టే గీతలు స్వామి పాదాలు, మధ్యలోని శ్రీచూర్ణ రేఖ లక్ష్మి. తిరుమల ఆలయంలో పూజలు వైఖానస ఆగమం అనే పద్ధతిలో జరుగుతాయి. అక్కడ మూలమూర్తికి పచ్చకర్పూరంతో, కస్తూరితో పెట్టే వెడల్పాటి నామం శుక్రవారపు అభిషేకం తరువాత కొత్తగా దిద్దుతారు.

రంగునే గుర్తుగా చదవాలంటే మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు రండి. దుర్మార్గుడైన పాలెగాడు భయపడి దాక్కుంటే, గంగమ్మ రోజుకొక వేషంలో వాణ్ణి వెతికి, దొర వేషంలో కనిపించి బయటికి రప్పించి తల నరికిందని కథ. మొక్కుకున్నవారు బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లని నాముసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుంటారు. తెలుపు, ఎరుపు, నలుపు వరుసగా వీధుల్లో నడుస్తాయి. చివరి రాత్రి గుడి ముందు బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం చేసి, తెల్లవారుజామున దాన్ని తొలగించగానే జనం ఆ మట్టిని ప్రసాదంగా ఇళ్లకు తీసుకువెళతారు. రాయి నిలిచి ఉండడం వల్ల పవిత్రమైతే, ఈ మట్టి ముక్కలై పంచుకోవడం వల్ల పవిత్రమవుతుంది. గంగమ్మ శ్రీవారికి చెల్లెలన్న నమ్మకంతో దేవస్థానం నుంచి సారె కూడా వస్తుంది.

పొలం గట్టు మీది రాళ్లు

చివరగా, ఎక్కువగా ధ్వంసమవుతున్న వాటి గురించి. చిత్తూరు జిల్లా పశ్చిమ భాగంలో వీరగల్లులు విస్తారంగా ఉన్నాయి. బాణులు, నొళంబులు, గంగులు, వైదుంబులు అనే రాజవంశాలవారు పోరాడుకున్న కాలంలో పశువుల మందలను తోలుకుపోయే దొంగలను అడ్డుకొని చనిపోయినవారికి ఊరు నిలిపిన రాళ్లు అవి. కత్తి, డాలు లేదా విల్లు పట్టుకున్న వీరుడు, కాళ్ల దగ్గర ఆవులు ఉంటే గోగ్రహణంలో, అంటే పశువుల కోసం జరిగిన పోరులో మరణించినవాడు. రెండు మూడు అంతస్తులుగా ఉంటే కింది నుంచి పైకి చదవాలి: కింద యుద్ధం, నడుమ అతణ్ణి తీసుకువెళ్లే అప్సరసలు, పైన అతడు చేరిన లోకం. గాజులతో పైకెత్తిన ఒక స్త్రీ చేయి చెక్కి ఉంటే అది సహగమనం చేసిన స్త్రీకి నిలిపిన సతిరాయి.

దానశాసనాలూ హద్దురాళ్లూ గుర్తించడం తేలిక. పైన సూర్యచంద్రులు ఉంటే దానం ‘ఆచంద్రార్కం’, అంటే సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతుందని. వాటి కింద లింగం లేదా త్రిశూలం ఉంటే భూమి శివాలయానిది, చక్రమో శంఖమో ఉంటే విష్ణ్వాలయానిది, గొడుగు పట్టిన వామనుడు ఉంటే సాధారణంగా దానభూమికి హద్దు. అక్షరాలు చివరి దాకా మిగిలి ఉంటే, ‘స్వదత్తాం పరదత్తాం వా’ అని మొదలయ్యే శ్లోకం తరచు కనిపిస్తుంది. తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా దానభూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని దాని భావం.

ఇటువంటి రాయి మీకు కనిపిస్తే కదల్చవద్దు. ఉన్న చోట, ఉన్న దిక్కున ఫొటో తీయండి, పక్కన టేపు పెట్టి ఇంకొకటి తీయండి. ఏ ఊరు, ఏ చెరువు, ఏ గట్టు, ఎవరి పొలం పక్కన అన్నది రాసుకొని, ఆ ఊరి రెవెన్యూ అధికారికీ పురావస్తు శాఖకూ తెలియజేయండి. నేలలో దాచిన విలువైన వస్తువు ఏదైనా దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. కాబట్టి నిధి కోసం రాత్రిపూట తవ్వి, దొరికినదాన్ని తెలియజేయకుండా దాచుకునేవాడు దేవుడి దగ్గరే గాక చట్టం దగ్గర కూడా నేరస్థుడే. శాసనంలోని అక్షరాలు మీకు చదవడం రాకపోతే తెలిసినవారి దాకా ఫొటోను చేర్చండి. తిరుమల, తిరుపతి ఆలయాల శాసనాల్లో కూడా చాలా భాగం తమిళంలోనే ఉన్నాయి. లిపి అర్థం కాలేదని రాయిని పనికిరానిదనుకోవద్దు.

మా చెరువు కట్ట మీది రాయిని ఇప్పుడు సిమెంటు లేకుండా, పాత గోతిలోనే మట్టి కూరి నిలబెట్టాము. నాగులచవితికి పాలు పోయడం ఆగలేదు, ఆపమని ఎవరూ అనలేదు. పసుపు మాత్రం ఆడవాళ్లు ఇప్పుడు రాతి అడుగున, అక్షరాలకు తగలకుండా రాస్తున్నారు.